గేటు గడియ చప్పుడైతే చాలు, కడుపులో తిప్పేస్తుంది

ప్రశ్న: మేడమ్, నా వయసు 32. పల్నాడు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఆరేళ్ల కిందట మోషన్‌లో రక్తం పడుతుంటే గుంటూరు తీసుకెళ్లారు. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు అన్నారు. మొదట్లో స్టెరాయిడ్స్ ఇచ్చారు, ఆ తర్వాత నుంచి మెసలమైన్ మాత్రలు వాడుతున్నాను. ఈ మార్చిలో మళ్లీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానిపోయాయి, పేగు శుభ్రంగా ఉంది అన్నారు. నా నొప్పి మాత్రం తగ్గలేదు. పొద్దున స్కూలుకి బయలుదేరే ముందు నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాలి. క్లాసు మధ్యలో వస్తుందేమోనని మధ్యాహ్నం దాకా ఏమీ తినను. మా ఆయన మంచివారే. కానీ "నువ్వు అన్నీ మనసులో పెట్టుకుంటావు, అందుకే నీకీ జబ్బు" అంటారు.

నా చిన్నతనం సరిగ్గా గడవలేదు. నాన్న తాగి వచ్చేవాడు. స్కూటర్ చప్పుడు, గేటు గడియ తీసిన తీరు వింటే ఆ రాత్రి ఎలా ఉండబోతోందో నాకూ తమ్ముడికీ తెలిసిపోయేది. అన్నం కంచం ఎన్నిసార్లు గోడకి విసిరికొట్టాడో లెక్కలేదు. అమ్మని కొట్టేవాడు, అడ్డం వెళ్తే నన్నూ కొట్టేవాడు. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ రాత్రిపూట మా ఆయన బండి ఆపి గేటు తీస్తుంటే నాకు కడుపులో తిప్పేసి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది. ఈ మధ్య ఫోన్‌లో చిన్ననాటి కష్టాల మీద పది ప్రశ్నల పరీక్ష కనబడితే చేశాను. పదికి ఐదు వచ్చాయి. నాలుగు దాటితే పెద్ద జబ్బులు వస్తాయని రాసి ఉంది. అంటే నా జబ్బు నాన్న వల్ల వచ్చిందా? అలాగైతే ఈ మాత్రలు ఎందుకు, మానేస్తే ఏం? డాక్టరు గారికి ఇవన్నీ చెప్పాలా? మా అమ్మమ్మ ఎప్పుడూ "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే" అనేది. అమ్మ దగ్గర ఈ మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నాకు నాలుగేళ్ల పాప ఉంది. తనకీ ఈ జబ్బు వస్తుందా అని దిగులు. ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. వచ్చే నెల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలి. ఏం చెయ్యమంటారు?

— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే చివర, పాప మాట పక్కన, చిన్నగా ఒక వాక్యం రాశారు. పొద్దున లేవకపోతే బాగుండు అని. ముందు దాని గురించే మాట్లాడుకుందాం. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు.

దీర్ఘకాలం పేగు జబ్బుతో ఉన్నవాళ్లలో ఈ ఆలోచన రావడం అరుదు కాదు. పేగుల్లో వాపు, పుండ్లు ఉండే ఈ రకం జబ్బుల మీద ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, రోగుల్లో దాదాపు మూడింట ఒక వంతు మందికి ఆందోళన లక్షణాలు, నలుగురిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనబడ్డాయి. జబ్బు ముదిరి ఉన్న రోజుల్లో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. ఇది మీ బలహీనత కాదు, ఈ జబ్బుతో పాటు తరచుగా వచ్చే ఇంకో జబ్బు. దానికీ మందుంది, వైద్యం ఉంది. ఆ ఆలోచన వచ్చిన రోజు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక బాధల్లో ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. "చనిపోవాలని లేదు, లేవాలని లేదు అంతే" అని చెప్పినా వాళ్లు తేలిగ్గా తీసుకోరు. ఆ ఆలోచన ఎప్పుడైనా ఇంకాస్త ముదిరి, ఎలా, ఎప్పుడు అన్న దాకా పోతే ఒంటరిగా ఉండొద్దు. ఆ క్షణమే మీ ఆయన్ని నిద్ర లేపి చెప్పి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఈ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకుని, తర్వాత మిగతాది చదవండి.

ఇక నాన్న సంగతి.

మీ పెద్దపేగులో పుండ్లు మీ నాన్న వల్ల వచ్చాయని ఏ డాక్టరూ చెప్పలేరు. అల్సరేటివ్ కొలైటిస్ అంటే మన రోగనిరోధక శక్తి మన పెద్దపేగు లోపలి పొర మీదే దాడి చేయడం. పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులో ఉండే సూక్ష్మజీవులు, మనం తినేవి, పెరిగిన వాతావరణం అన్నీ కలిసి దాన్ని రగిలిస్తాయి. బంగారంలాంటి బాల్యం గడిపిన పిల్లలకీ వస్తుంది. మీకంటే ఘోరమైన ఇళ్లలో పెరిగిన చాలామందికి రాలేదు.

"మనసులో పెట్టుకుంటావు, అందుకే ఈ జబ్బు" అన్న మీ ఆయన మాట ఆయన సొంతం కాదు. ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లే అలా అనేవారు. 1950 ప్రాంతంలో షికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక వైద్యుడు, మనసు వల్ల వచ్చే జబ్బులంటూ ఏడింటిని లెక్కగట్టాడు. ఉబ్బసం, బీపీ, కీళ్లవాతం, కడుపులో అల్సర్, వాటితో పాటు మీ కొలైటిస్ కూడా అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో కొలైటిస్ రోగి వస్తే తల్లి ఎలాంటిది, స్వభావం ఎలాంటిది అని ఆరా తీసేవారు. తర్వాత ఏమైందో చూడండి. కడుపులో అల్సర్ అంటే టెన్షన్ వల్లే అని అందరూ నమ్ముతున్న కాలంలో, 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ అల్సర్ రోగుల కడుపులో ఒక బ్యాక్టీరియాని గుర్తించారు. దాన్ని చంపితే అల్సర్ మానిపోయింది. 2005లో వాళ్లకి నోబెల్ వచ్చింది. అన్నాళ్లూ ఎంతమంది రోగులు "నా స్వభావం ఇంతే, నా ఖర్మ ఇంతే" అని తమని తాము తిట్టుకుని ఉంటారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు ఆ వరసలో చేరకండి. కొలైటిస్ కూడా అంతే, మీ స్వభావం వల్ల వచ్చింది కాదు.

కాబట్టి మాత్రలు మానొద్దు. ఒక్క రోజు కూడా. మార్చిలో మీ పేగు శుభ్రంగా కనబడిందంటే ఆ మెసలమైన్ తన పని తాను చేస్తోందన్నమాట. బాగుంది కదా అని మానేసినవాళ్లకి మళ్లీ రక్తం పడటం గ్యాస్ట్రో వార్డుల్లో రోజూ చూసే సంగతే. ఇంకో జాగ్రత్త: తలనొప్పికో నడుం నొప్పికో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి, అవి ఈ జబ్బుని రేపగలవు. ఏ నొప్పి మాత్రైనా మీ డాక్టరు గారిని అడిగే.

మరి ఆ పది ప్రశ్నల పరీక్ష? దాని వెనక నిజంగానే పెద్ద అధ్యయనం ఉంది. అమెరికాలో శాన్ డియేగో నగరంలో విన్సెంట్ ఫెలిటీ అనే డాక్టరు 1980లలో బరువు తగ్గించే క్లినిక్ నడిపేవారు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి పోతుంటే ఎందుకా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లు, లైంగిక హింసకి గురైనవాళ్లు. ఆయన, రాబర్ట్ యాండా అనే మరో డాక్టరు కలిసి వేలమందిని ప్రశ్నించి 1998లో ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పటి కష్టాల లెక్క పెరిగేకొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్, తాగుడు లాంటివి పెరగడం అందులో కనబడింది. ఇంతవరకూ నిజం. అయితే ఆ లెక్క సమూహాలకి వేసింది, మనిషికి వేసింది కాదు. ఈ ఏడాది జిల్లాలో వాన ఎంత పడుతుందో వాతావరణ శాఖ చెప్పగలదు గానీ, మీ పెరట్లో ఆరేసిన వడియాలు రేపు తడుస్తాయో లేదో ఆ అంకె చెప్పదు. రాబర్ట్ యాండా గారే 2020లో మరో వ్యాసం రాస్తూ, ఈ మార్కుల్ని ఒక్కో మనిషికి అంటగట్టి నీకు జబ్బు వస్తుందని చెప్పడం తప్పని హెచ్చరించారు. పైగా ఆ పది ప్రశ్నల్లో, చీకట్లో మీరు పట్టుకున్న తమ్ముడి చెయ్యికి మార్కు లేదు. మీకు లెక్కలు చెప్పిన మంచి టీచరెవరైనా ఉంటే వాళ్లకీ లేదు. మీరు లెక్కల టీచరు, ఒక అంకెతో ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో నాకంటే మీకే బాగా తెలుసు. మీ ఐదు మార్కుల్ని పక్కన పెట్టండి.

అలాగని మీ చిన్నతనానికీ మీ కడుపుకీ సంబంధమే లేదనీ అనను. ఉంది. అది పుండ్లలో లేదు, వేరే చోట ఉంది. మీరే రాశారు అదెక్కడుందో: గేటు గడియ దగ్గర.

పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు పిల్లలు బాత్రూమ్‌కి పరుగెత్తడం మీరు ప్రతి ఏడూ చూస్తారు. భయం వేస్తే మెదడు ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో పైన పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, కింద పెద్దపేగు కదలిక పెరుగుతుంది. మన వాళ్లు భయపడినవాడిని చూసి "ముద్ద దిగడం లేదు" అనీ, "కడుపు జారిపోయింది" అనీ అనేది ఈ రెండింటినే. ఎవరికైనా ఇది ఏడాదిలో నాలుగు రోజులు జరిగి ఆగిపోతుంది. మీకు చిన్నప్పుడు దాదాపు ప్రతి రాత్రీ జరిగింది, అదీ అన్నం ముందు కూర్చున్నప్పుడే. ఆరేళ్ల పిల్ల ఒళ్లు ఏం నేర్చుకుంటుంది? స్కూటర్ చప్పుడు ఎంత దూరం నుంచి వినబడుతోంది, గడియ మెల్లగా తీశాడా విసురుగా తీశాడా, చెప్పులు ఎక్కడ విడిచాడు... ఇవన్నీ పసిగట్టడం నేర్చుకుంటుంది. అది అప్పుడు మిమ్మల్నీ తమ్ముడినీ కాపాడిన తెలివి. ఇంకో క్షణంలో ఏం జరుగుతుందో తెలిస్తేనే కదా తమ్ముడిని మంచం వెనక దాచగలిగేది. ఇరవై ఏళ్ల తర్వాత గేటు మారింది, మనిషి మారాడు, మీ ఒంటికి ఆ కబురు ఇంకా చేరలేదు.

దీనికి తోడు కొలైటిస్ వచ్చింది. పేగుల్లో కోట్ల కొద్దీ నరకణాలుంటాయి, పేగుకీ మెదడుకీ మధ్య వేగస్ అనే నరం ఉంది. అందులో ఎక్కువ తీగలు పేగు నుంచి మెదడుకి కబురు మోసుకెళ్లేవే. చిన్నప్పుడు హింస చూసినవాళ్లలో కొందరికి ఈ కబుర్లు మామూలు కంటే గట్టిగా వినబడొచ్చు. ఇతరులకి గ్యాస్ కదిలినట్టు ఉండేది వాళ్లకి నొప్పిగా తెలుస్తుంది. పుండు పడి మానిన పేగు కూడా అలాగే సున్నితం కావచ్చు. మీకు ఈ రెండూ ఉన్నాయి. అందుకే కొలనోస్కోపీ బాగున్నా నొప్పి ఉండటం వింతేమీ కాదు. కొలైటిస్ సద్దుమణిగినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఇలాంటి నొప్పి, పరుగు మిగిలే ఉంటాయని అధ్యయనాలున్నాయి. డాక్టర్లు దీన్ని ఐబీఎస్ లాంటి లక్షణాలు అంటారు. ఐబీఎస్ అంటే పేగులో పుండు, వాపు లేకుండానే కడుపు నొప్పి, పరుగు ఉండటం. కెమెరాకి కనబడదు కాబట్టి అబద్ధం అనుకోకండి. కెమెరా పుండుని చూస్తుంది, నరం ఎంత గట్టిగా అరుస్తోందో దానికి వినబడదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో నేను పని చేసిన ఆసుపత్రిలో అచ్చం మీలాంటి అమ్మాయినే గ్యాస్ట్రో విభాగం నుంచి నా దగ్గరికి పంపారు. రిపోర్టులు తిరగేసి, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి కదమ్మా, టెన్షన్ పడకండి అన్నాను. ఆ అమ్మాయి ఫైలు మూసి, రబ్బరు బ్యాండు వేసుకుని, సరే మేడమ్ అని లేచింది. మళ్లీ రాలేదు. ఆ రబ్బరు బ్యాండు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ఎవరికీ "టెన్షన్ పడకండి" అనలేదు. మీకూ అనను.

డాక్టరుకి చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. మీ అమ్మమ్మ మాట అడ్డం వస్తోందని నాకు తెలుసు. ఆవిడ మీ మేలు కోరే అని ఉంటుంది. తాగుబోతు ఇల్లు అని పేరు పడితే ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందని, అల్లుడు ఇంకా రెచ్చిపోతాడని భయం. ఆ భయానికి కారణం ఉంది. ఆ సామెత వీధి అరుగు మీద కూర్చునే నలుగురి గురించి. వాళ్ల ముందు కడుపు చించుకోవద్దు, నిజమే. డాక్టరు గది వీధి అరుగు కాదు. అక్కడ చించుకోనక్కర్లేదు, ఫలానా చోట నొప్పి అని చూపిస్తే చాలు.

చూపించకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో డగ్లస్ డ్రాస్‌మన్ అనే గ్యాస్ట్రో డాక్టరు 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. తన క్లినిక్‌కి వచ్చిన 206 మంది మహిళల్ని అడిగితే, 44 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు లైంగిక హింసో దెబ్బలో అనుభవించామన్నారు. వాళ్లలో దాదాపు మూడో వంతు మంది అంతవరకూ ఎవరికీ, అమ్మకి గానీ స్నేహితురాలికి గానీ, చెప్పనే లేదు. డాక్టరుకి చెప్పినవాళ్లు 17 శాతం. అంటే ఎదురుగా కూర్చుని కడుపు నొక్కి చూస్తున్న డాక్టరుకి అసలు సంగతి తెలియకుండానే ఎన్నో ఏళ్లు వైద్యం నడిచింది. అదీ వేరే దేశంలో, మన ఇళ్లలో ఉన్నంత గుట్టు లేని చోట.

నోటితో చెప్పడం కష్టమైతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు, బయట ముప్పై మంది ఉంటారు, తలుపు సగం తెరిచే ఉంటుంది. కాబట్టి ఇలా రాయండి, కావాలంటే ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోండి: "సార్, కొలనోస్కోపీ బాగుందన్నారు. కానీ రోజూ నాలుగైదుసార్లు పరుగు, నొప్పి ఉన్నాయి. చిన్నప్పుడు మా ఇంట్లో తాగుడు, కొట్టడం ఉండేవి. ఇప్పటికీ భయం వేస్తే వెంటనే కడుపు తిరుగుతుంది. మధ్యాహ్నం దాకా తినడం లేదు. బతకాలనిపించని రోజులున్నాయి. దీనికీ వైద్యం కావాలి. ఎవరి దగ్గరికి పంపుతారు?" ఇంతే. ఏ రాత్రి ఏం జరిగిందో, ఎవరు ఎక్కడ కొట్టారో ఒక్క ముక్క కూడా చెప్పక్కర్లేదు. అది ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. మీ ఆయనో ఇంకెవరో తోడు వస్తే, కావాలంటే వాళ్లని బయట కూర్చోమని చెప్పే హక్కు మీకుంది.

డాక్టరు గారు కాగితం చదివి "ఇవన్నీ వదిలేయండమ్మా" అంటే? అలా అనేవాళ్లూ ఉన్నారు. బాధపడండి గానీ ఆగిపోకండి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి ఎవరి చీటీ అక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. దూరం అనుకుంటే మీకు దగ్గరలో ఎవరున్నారో 14416 వాళ్లే చెబుతారు.

అదే రోజు మూడు పరీక్షల గురించి అడగండి. మొదటిది కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష. పేగులో వాపు ఉందో లేదో మళ్లీ కొలనోస్కోపీ లేకుండా చాలావరకు చెబుతుంది. మార్చి తర్వాత నెలలు గడిచాయి కాబట్టి ఇప్పటి నొప్పి వాపుదా, సున్నితమైన నరాలదా అన్నది తేలాలి. రెండోది హిమోగ్లోబిన్, ఐరన్, బి12. కొలైటిస్‌లో రక్తం పోయినవాళ్లకి, మీలా సగం రోజు పస్తులుండేవాళ్లకి ఇవి తగ్గొచ్చు. అప్పుడు లేవాలని లేకపోవడంలో కొంత భాగం నీరసమే అయి ఉండొచ్చు. మూడోది థైరాయిడ్. ఇంకా, మళ్లీ రక్తం పడినా, నిద్రలోంచి లేపి మరీ మోషన్ వచ్చినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా వచ్చే నెల దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. భయం వల్ల వచ్చే పరుగు సాధారణంగా గాఢనిద్రలోంచి లేపదు, జబ్బు లేపుతుంది.

సైకియాట్రిస్టు మందు రాస్తే భయపడకండి. అమిట్రిప్టిలీన్ అని ఒక పాత మందు ఉంది, ఎక్కువ మోతాదులో డిప్రెషన్‌కి వాడతారు. చాలా తక్కువ మోతాదులో, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఇస్తే ఐబీఎస్ బాధ తగ్గుతుందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష 2023లో తేల్చింది. అది పేగు-మెదడు మధ్య ఆ గట్టి కబురుని తగ్గిస్తుంది. మీ దిగులుకి మాత్రం వేరే మందు అవసరమవ్వచ్చు, అది డాక్టరు నిర్ణయించాలి. మీరు మెసలమైన్ వాడుతున్న సంగతి వాళ్లకి, వాళ్లు ఇచ్చిన మందు సంగతి గ్యాస్ట్రో డాక్టరుకి తప్పక తెలియాలి. ఈ మందులు నాలుగు రోజుల్లో పని చేయవు, వారాలు పడుతుంది. మీ అంతట మీరు మానేయకూడదు.

మందుతో పాటు మాట్లాడే వైద్యం కావాలి. ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే పద్ధతి ఐబీఎస్‌కీ, ఆందోళనకీ బాగా పరీక్షకి నిలిచింది. ఏ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినా, బాల్యంలో హింస చూసినవాళ్లతో పని చేసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు. మొదటి రోజే అన్నీ తవ్వమని ఒత్తిడి చేసేవాళ్లయితే మారండి. మంచివాళ్లు ముందు మీ నిద్ర, మీ తిండి, మీ పొద్దుటి పరుగు చూస్తారు, పాత సంగతుల దగ్గరికి మెల్లగా వస్తారు.

ఈలోగా ఇంట్లో ఒక పని చేయొచ్చు. గేటు చప్పుడుని మార్చండి. నిజంగానే చెబుతున్నాను. గడియకి నూనె వేయించండి, లేదా గడియే మార్పించండి. మీ ఆయన వీధి మలుపు దగ్గర ఫోన్ చేసి "వచ్చేశా" అనాలి. గేటు తీసే ముందే పాపని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. మీ ఒళ్లు పాత చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది, దానికి కొత్త చప్పుడు అలవాటు చేయాలి. ఆ సమయంలో మీరు వంటింట్లో నిలబడి ఉండొద్దు. కూర్చోండి, పాదాలు రెండూ నేల మీద ఆనించండి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి, ముక్కుతో మెల్లగా పీల్చి, అంతకంటే మెల్లగా వదలండి. పది సార్లు. మొదటి వారం ఏమీ తేడా కనబడదు. మానొద్దు. పరుగు వస్తే వెళ్లండి, ఓడిపోయానని అనుకోకండి.

ఈ సంగతి మీ ఆయనకి చెబుతూనే రెండో సంగతి కూడా చెప్పండి. ఆయన చెడ్డ మనసుతో అనడం లేదని మీరే అన్నారు. "నేను మనసులో పెట్టుకోవడం వల్ల జబ్బు రాలేదు, డాక్టర్లే ఒకప్పుడు అలా పొరబడ్డారు. కానీ గేటు చప్పుడైతే నాకు నాన్న గుర్తొస్తాడు, మీరు కాదు." ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పండి. ఎందుకంటే తను ఇంటికి వస్తుంటే భార్య బాత్రూమ్‌లోకి వెళ్లిపోవడం ఆయన కూడా చూస్తూనే ఉంటారు. ఆయన దానికి ఏ అర్థం చెప్పుకుంటున్నారో మీకు తెలియదు.

పొద్దున తినకపోవడం మీకు మేలు చేయడం లేదు. ఉదయాన ఏదైనా తిన్నా తాగినా పెద్దపేగు కదలడం అందరికీ సహజం. దాన్ని ఆపలేం గానీ ముందుకు జరపొచ్చు. ముప్పావుగంట ముందు లేచి, ఒక ఇడ్లీయో కొంచెం పెరుగన్నమో తిని, ఆ కదలిక ఇంట్లోనే అయిపోయేలా చూసుకుని బయలుదేరండి. కారం, పాలు, పప్పులు అన్నీ ఎవరో చెప్పారని మానేస్తూ పోకండి, వీలైతే డైటీషియన్‌ని కలవండి. మీకు అన్నం ముందు కూర్చోవడమే ఒకప్పుడు ప్రమాదం, కాబట్టి తినలేకపోవడంలో సగం కొలైటిస్‌ది, సగం ఆ గోడకి తగిలిన కంచానిది. కౌన్సెలర్‌కి ఈ మాట చెప్పండి, వాళ్లకి బాగా పనికొస్తుంది. స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌కి బాల్యం సంగతి ఏమీ చెప్పక్కర్లేదు. పేగు జబ్బు ఉంది, క్లాసు మధ్యలో వెళ్లాల్సి రావచ్చు, రెండు నిమిషాలు పక్క టీచరు చూసుకుంటారా అని అడగండి. వెళ్లే వీలుందని తెలిస్తేనే చాలాసార్లు వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది.

పాపకి వస్తుందా? తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే, కానీ ఎక్కువమంది పిల్లలకి రాదు. కంచం గోడకి తగలని ఇంట్లో మీ పాప పెరుగుతోంది. గేటు చప్పుడైతే తను గుమ్మం వైపు పరుగెడుతుంది కదూ?

అమ్మ గురించి చివరికి దాచుకున్నాను, అది నాకూ కష్టమైన ప్రశ్న కాబట్టి. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుందని రాశారు. ఆ వంటింట్లోనే ఆవిడ కూడా అన్ని రాత్రులూ చెవులు రిక్కించి నిలబడింది. మీరు మాట ఎత్తగానే "నువ్వెందుకు ఊరుకున్నావు" అన్న ప్రశ్న వస్తుందని ఆవిడకి తెలుసు, దానికి జవాబు ఆవిడ దగ్గర లేదేమో. మీకు ఆవిడ మీద కోపం ఉంటే ఉండనివ్వండి. కోపం, జాలి రెండూ ఒకే మనిషి మీద ఉండొచ్చు. పోయిన నాన్న మీద కూడా. పోయినవాళ్లని ఏమీ అనకూడదంటారు. మీరు ఆయన్ని తిట్టడం లేదు, మీకు జరిగింది చెబుతున్నారు. తాగుడు జబ్బే కావచ్చు, దెబ్బలు దెబ్బలే. కానీ ఇప్పుడే అమ్మని కూర్చోబెట్టి తేల్చుకోవాలని చూడకండి. ముందు మీకు కాస్త నిద్ర పట్టాలి, కౌన్సెలర్ దగ్గర నాలుగైదుసార్లు మాట్లాడి ఉండాలి. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు, ఇద్దరూ చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నప్పుడు, ఆవిడ ముఖం వైపు చూడకుండా ఒక్క మాట అనొచ్చు: "ఆ రాత్రులు నాకు చాలా భయమేసేదమ్మా." ప్రశ్న వద్దు. జవాబు కోసం ఎదురు చూడొద్దు. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. కొందరు అమ్మలు అరగంట తర్వాత కాఫీ గ్లాసుతో తిరిగి వస్తారు. కొందరు రారు, ఆ మాటకి వాళ్ల దగ్గర చోటు లేదు. అలాంటప్పుడు మీ తమ్ముడికి ఫోన్ చేయండి. ఆ గడియ చప్పుడు ఎలా ఉండేదో మీరు వివరించనక్కర్లేకుండా తెలిసిన మనిషి అతనొక్కడే. అతని కడుపు ఎలా ఉందో, నిద్ర ఎలా ఉందో కూడా అడగండి. మగపిల్లల్ని ఎవరూ అడగరు.

వచ్చే నెల డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున ఆ కాగితం మందుల చీటీ వెనక పెట్టుకోకండి, కంగారులో మడతలోనే ఉండిపోతుంది. పైన పెట్టుకుని, కూర్చోగానే ముందు అదే ఇవ్వండి. కాల్‌ప్రొటెక్టిన్ ఎంత వచ్చిందో, ఆయన కాగితం చదివి ఏమన్నారో నాకు రాయండి. ఎదురు చూస్తుంటాను.